నాయన తవ్విన బావి

యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం మా ఆయన చర్చి దొడ్డి గేటుకున్న తాళం తీసి జేబులో వేసుకున్నాడు. మళ్ళీ వెయ్యలేదు. ఆ ఒక్క పనికి మా అన్న నాతో మాట మానేశాడు, మా ఆయన గూడూరు పోవలసి వచ్చింది, పలకలు పట్టుకున్న పిల్లకాయలకు తప్ప ఎవరికీ ఏమీ చెప్పి ఎరగని నేను పెద్దవాళ్ళ ముందు నిలబడి వాక్యం చెప్పవలసి వచ్చింది.

మా పల్లె వడమాలపేటకు పడమర. తిరుపతి రోడ్డు మీద బస్సు దిగి మామిడితోటల్లో పడి నడిచి రావాలి. ఊరు ఒకచోట, మా మాలపల్లె ఒకచోట, వంక దాటితే మాదిగపల్లె. మా పల్లెలో అందరం తాతల కాలంలోనే బాప్తిస్మం తీసుకున్నవాళ్ళం. మిషను వాళ్ళు మాకు పెంకుటి చర్చి కట్టించి, పక్కన బడి పెట్టించి, చుట్టూ గోడ లేపించారు. ఆ గోడ లోపలే బావి. దాన్ని తవ్వింది మా నాయన, మా అన్న మునెయ్య. బావి పనిలో నాయనకు చుట్టుపక్కల ఊళ్ళన్నిటా పేరుండేది. ఆయన పోయాక ఆ పేరు అన్నకు వచ్చింది. సంఘపెద్ద స్థానమూ ఆయనకే వచ్చింది.

మా ఆయన ఆశీర్వాదం మదనపల్లె పక్కనుంచి మా సంఘానికి పాస్టరుగా వచ్చి, బడి పంతులమ్మనైన నన్ను చేసుకున్నాడు. సంబంధం కుదిర్చింది మా అన్నే. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటూ ఒకే ఆకులో తినేంత దగ్గరగా ఉండేవాళ్ళు.

ఆ రోజు పొద్దున నేను బడి ముందు ఊడుస్తున్నాను. గేటు బయట కడవలతో ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. ముందు గంగులమ్మ. మాదిగపల్లెకు ఆమె మాటే మాట. మా ఆయన ఏడాదిగా ఆదివారం సాయంత్రాలు వంక దాటి వెళ్ళి వాళ్ళకు వాక్యం చెబుతున్నాడు. గంగులమ్మ, ఆమె కొడుకు ధనంజయ, ఇంకా కొన్ని కుటుంబాలు బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నాయి. మా పల్లెవాళ్ళు దానికి అడ్డు చెప్పలేదు. ఆ ప్రార్థనలు వంక అవతలే జరుగుతున్నాయి కదా అని ఊరుకున్నారు.

"అయ్యోరమ్మా, అయ్యోరుండాడా?" అంది గంగులమ్మ.

మా ఆయన బయటికి వచ్చాడు.

"మా బాయి ఎండిపోయినాది సామీ. వంకలో చెలమ తీస్తే బురద వొస్తా ఉండాది. ఊరోళ్ళ బాయికాడికి పోతే తరిమినారు. ఇంక యాడికి పోయేది? ఈడికి వొస్తిమి."

"గేటు కాడే నిలబడినారే. లోపలికి రాండి" అంటూ గేటు తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"పోసేవాళ్ళు ఎవురన్నా ఉంటే పోయమను సామీ. మేము ఎడంగానే నిలబడతాం."

"పోసేదానికి ఎవరూ లేరమ్మా. అద్దో, చేంతాడు ఆడ ఉండాది. తోడుకోండి."

గంగులమ్మ కదల్లేదు. ఆయన వైపు కాదు, నా వైపు చూసింది. ఆ బావి తవ్వినవాడి కూతుర్ని నేను. నేను చీపురు గోడకు ఆనించి, బావి దగ్గరికి పోయి, బొక్కెన తీసుకొచ్చి ఆమె చేతికిచ్చాను. ఆమె గేటు దాటి వచ్చింది.

సాయంత్రం పొద్దుండగానే మా అన్న వచ్చాడు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"బావా, గేటుకు తాళమెయ్."

"ఎందుకు బావా?"

"ఈ బాయిలో ఊట ఎంతుండాదో నాకు తెలుసు. మన పల్లెకే సాలీ సాలకుండా ఉండాది. రెండు పల్లెలు తోడితే చిత్తిరి నెల దాటకముందే అడుగు కనబడతాది."

"నీళ్ళ మాటేనా? ఇంకేమన్నా ఉండాదా?"

మా అన్న అబద్ధం చెప్పే మనిషి కాడు. "రెండూ ఉండాయి. దాచేదేముండాది" అన్నాడు.

"ఊరోళ్ళు మనల్ని వాళ్ళ బాయి మెట్టు తొక్కనియ్యరు. దానికి నువ్వు ఎన్నిసార్లు పండ్లు కొరికినావో నాకు తెలుసు."

"అది వేరు, ఇది వేరు."

"ఎట్ల వేరో ఆదివారం చర్చిలో లేచి అందరికీ చెప్పు బావా. నేను కూర్చోని వింటా."

అన్న మొహం నల్లబడింది. నేను మంచినీళ్ళ చెంబు తెచ్చేసరికి గేటు దాటిపోయాడు.

ఆదివారం గంట కొట్టాం. ఎవరూ రాలేదు. చాపలు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. మా ఆయన రోజూలాగే ప్రార్థన మొదలుపెట్టాడు, నేనొక్కదాన్నే పాట ఎత్తుకున్నాను. రెండో చరణానికి బయటినుంచి గొంతులు కలిశాయి. తొంగి చూస్తే గంగులమ్మ వాళ్ళు గేటు అవతల రోడ్డు మీద కూర్చుని ఉన్నారు. లోపలికి రమ్మంటే, "నీళ్ళకి వొచ్చినాం, ఇప్పుడు గుడిలోకీ వొస్తే మిమ్మల్ని బతకనియ్యరు" అంది ఆమె. అన్నది నిజమే. మర్నాటినుంచి మా ఇంటికి పాలు పోసేవాళ్ళు రాలేదు, చాకిరేవుకు వెళ్ళిన మా గుడ్డలు ఉతక్కుండానే తిరిగొచ్చాయి.

మాట మిషను బంగళా దాకా పోయింది. దొర స్వయంగా ఎద్దులబండిలో వచ్చాడు. వయసు మళ్ళిన మనిషి, చెడ్డవాడు కాదు. బైబిలు చదివి తెలుగు నేర్చుకున్నాడేమో, పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేవాడు.

"ఆశీర్వాదమా, కొంతకాలము ఓర్పు వహించుము. వీరికి ఉదయము, వారికి సాయంకాలము నీళ్ళు. ఆరాధనయు అట్లే. తరువాత దేవుడే చూచుకొనును."

"తరవాత అనే మాట మా తాత కాలం నుంచీ వింటా ఉండాము దొరగారూ."

"సంఘము విడిచిపోయిన కాపరి యేమి చేయును?"

"సంఘం ఏడికీ పోలేదు. గేటు బయట కూర్చోని ఉండాది. తమరు వచ్చేటప్పుడు బండి ఆపి దారి అడిగింది వాళ్ళనే."

దొర కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు కోపం రాలేదు. దిగులు కనబడింది. గూడూరులో పాస్టరుకు జబ్బు చేసిందనీ, వానలు పడేదాకా ఆ సంఘాన్ని చూసుకోమనీ చెప్పాడు. బదిలీ అనే మాట వాడలేదు. ఇక్కడికి ఎవర్ని పంపుతారని మా ఆయన అడిగాడు. దొర కళ్ళద్దాలు పెట్టుకుని బండెక్కాడు.

ఆయన బయలుదేరిన పొద్దున నేనూ రోడ్డుదాకా వెళ్ళాను. యుద్ధం పోయినా అప్పటికింకా బొగ్గుతో నడిచే బస్సులే. వెనక పొయ్యి రగిలించుకుంటూ ఒగర్చుకుంటూ వచ్చేది. మామిడిచెట్టు నీడలో నిలబడి బస్సుకోసం చూస్తున్నాం.

"నేనూ వస్తా గదా. మనకంటా పిల్లా జెల్లా ఎవరుండారు, ఇద్దరం ఒక పెట్టె పట్టుకోని పోతే సరి" అన్నాను.

"ఇద్దరం పోతే సాయంత్రానికి గేటుకు ఇంకో తాళం పడతాది మే."

"ఆదివారం ఎట్ల?"

"గంట కొట్టు. పాట ఎత్తుకో. వాక్యం చదువు, చదివింది చెప్పు."

"నేనా?"

"బళ్ళో పిల్లకాయలకు చెప్తావు గదా. పెద్దోళ్ళకు చెప్పేది దానికంటే సులభం. మధ్యలో ఒంటేలుకు పోతామని లేవరు."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే బస్సు వచ్చేసింది. పాత తాళం ఆయన జేబులోనే ఉండి గూడూరు వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం గంట నేనే కొట్టాను. తరవాత గేటు బయటికి వెళ్ళి, రోడ్డు మీద కూర్చున్న గంగులమ్మ ముందు నిలబడ్డాను.

"అయ్యోరు లేడు. లోపల నేనొక్కదాన్నే. గోడలకు చెప్పమంటావా?"

ఆమె లేచి చీర దులుపుకుని, వెనకవాళ్ళకు సైగ చేసింది. గడప దగ్గర అందరూ ఆగారు. ధనంజయ తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. పాతికేళ్ళ దిట్టమైన మనిషి, ఆ గడప దాటడానికి చంటివాడు అడుగేసినట్టు వేశాడు.

ఏం చెప్పాలో రాత్రి అనుకున్నదంతా అక్కడ నిలబడగానే మాయమైంది. ఎదురుగా గొర్రెలు కాచుకునే మనుషులు ఉన్నారు. వాళ్ళకు తెలిసినదే వాళ్ళతో మొదలుపెట్టాను.

"ఎండాకాలం మందను మడుగు కాడికి తోలుకుపోతే ముందు ఏవాటిని దింపుతారు?"

బడిలో అలవాటుకొద్దీ ప్రశ్న అడిగి ఆగాను. ధనంజయే జవాబిచ్చాడు. "కుంటివాటిని, పాలిచ్చేవాటిని దింపుతామమ్మా. బలిసినవాటిని ముందు వదిలితే తొక్కి బురద సేస్తాయి. ఎనకొచ్చేవాటికి ఏమీ మిగలదు."

"ఆ బలిసినవి కూడా మన గొర్రెలే గదా?"

"మనవే. వాటిని కర్ర అడ్డం పెట్టి ఆపాల. అంతే."

"కాపరి పని అంతే" అన్నాను. ఇంకా ఏదేదో చెప్పాను, గుర్తు లేదు. ఆ మాట దగ్గర వెనక దగ్గు వినబడింది. గుమ్మంలో మా అమ్మ నాగరత్నమ్మ నిలబడి ఉంది. అన్న ఇంట్లో ఉండే మనిషి, కర్ర పొడుచుకుంటూ ఒక్కతే వచ్చింది. ఎప్పుడూ కూర్చునే స్తంభం పక్కకు పోయి, అక్కడున్న గంగులమ్మను జరగమని కర్రతో చూపించి, ఆమె పక్కనే కూర్చుంది.

ప్రార్థన అయిపోయాక అడిగాను, అన్న ఏమీ అనలేదా అని.

"ఏమంటాడు? నేను చెప్పినాకనే వొచ్చినా. ఈ బాయి తవ్వేటప్పుడు ఊట ఎక్కువై మీ నాయనకు పని సాగలేదు. రాత్రింబగళ్ళు నీళ్ళు తోడాల్సొచ్చింది. తోలుబాన కుట్టింది ఎవురనుకున్నావు? ఈ గంగులమ్మ మామ. కుట్టి తెచ్చి గోడ అవతల పెట్టి పోయినాడు. ఆ తోలు నీళ్ళలో మునిగినా మనకు అంటు లేదు, ఆయన కోడలి కడవ మునిగితే అంటు వొచ్చిందా? ఇదే అడిగినా. వాడు లేచి కల్లంకాడికి పోయినాడు."

తరవాతి ఆదివారాలకు మా పల్లె ముసలమ్మలు ఒకరూ ఇద్దరూ రావడం మొదలైంది. మగవాళ్ళు మాత్రం రాలేదు. నేను జ్వరాలొచ్చిన ఇళ్ళకు వెళ్ళి ప్రార్థన చేసేదాన్ని. రెండు పల్లెల్లోనూ చేసేదాన్ని. కొందరు తలుపు వేసుకునేవారు. వేసిన తలుపు ముందే నిలబడి ప్రార్థన చేసి వచ్చేదాన్ని. పోను పోను నాకు ఆ పని వచ్చునని నాకే తెలిసింది.

అయితే నీళ్ళ విషయంలో అన్న చెప్పినట్టే జరిగింది. బావిలో నీళ్ళు మెట్టు మెట్టుకూ దిగిపోయాయి. ఒకనాటికి బొక్కెన రాయికి తగిలిన చప్పుడు వినబడింది. ఎర్రటి బురద పైకి వచ్చింది. గోడ అవతల నిలబడి మా పల్లె మగవాళ్ళు చూస్తున్నారు. ఎవరూ నోరు తెరిచి అనలేదు గానీ, అనవలసినదంతా వాళ్ళ మొహాల్లోనే ఉంది.

ఆ మధ్యాహ్నం అన్న ఇంటికి వెళ్ళాను. వదిన చంద్రకాంతమ్మ నన్ను చూసి తత్తరపడి, మారు మాట లేకుండా మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అన్న పంచలో కూర్చుని తాడు పేనుతున్నాడు. తలెత్తలేదు.

"అన్నా, బాయి అడుగు కనబడినాది."

"నేను ముందే సెప్తినే."

"చెప్పినావు. నువ్వు చెప్పిందే నిజమైంది. ఇప్పుడేం చెయ్యాల?"

నేను వాదానికి వచ్చాననుకున్నాడు. అవునని ఒప్పుకునేసరికి ఆయన చేతిలో తాడు ఆగింది.

"తాళమెయ్యాల."

"తాళమేస్తే ఊట వస్తాదా?"

అన్న మళ్ళీ తాడు అందుకున్నాడు. మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాను.

"రేప్పొద్దున ధనంజయ దిగి తవ్వతానన్నాడు. వాడికి బాయిపని తెలీదు. పడమటి దరి గుల్ల, ఆడ గడ్డపార ఆనించొద్దని నాయన అంటా ఉన్న్యాడు. ఆ మాట వాడికి చెప్పినా. నీకూ ఒక మాట చెప్పి పోదామని వొచ్చినా."

అన్న చప్పున తలెత్తాడు. "పడమర కాదు. ఉత్తరం దరి."

"నాకేం తెలుసు, నేనప్పుడు చిన్నపిల్లని."

"పడమర మంచి రాయి. ఉత్తరం పక్క తగిలిస్తే మట్టంతా మీద పడతాది. మనిషి సస్తాడు."

"అట్లయితే ఆ మాట వాడికి నువ్వే చెప్పన్నా" అని లేచి వచ్చేశాను.

పొద్దున ధనంజయ తాడు నడుముకు కట్టుకుని దిగాడు. పైన మాదిగపల్లె మగవాళ్ళు తాడు పట్టుకున్నారు. మొదటి తట్ట మట్టి పైకి వచ్చేటప్పటికి మా అన్న గేట్లోంచి వచ్చాడు. భుజం మీద నాయన గడ్డపార. ఎవరినీ చూడలేదు. బావి గట్టు మీద వంగి లోపలికి చూశాడు.

"ఒరే, ఆ పక్క ముట్టొద్దు. కదలకుండా ఆడే ఉండు. నేను దిగతా ఉండా."

తాడు తనే అందుకుని దిగిపోయాడు. ఆ తాడు ఎవరి చేతుల్లో ఉందో ఆయన చూడలేదో, చూసీ దిగాడో నాకు తెలియదు. గోడ అవతల ఉన్న మా పల్లెవాళ్ళు కాసేపు అక్కడే నిలబడ్డారు. కింద వాళ్ళ పెద్ద ఉన్నాడు. దరి గుల్ల. ఒక్కొక్కరే గేటు దాటి వచ్చి తాడు కొస పట్టుకున్నారు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి తాడు పొడుగునా రెండు పల్లెల చేతులూ కలిసిపోయి ఉన్నాయి. ఆడవాళ్ళం తట్టలు అందుకుని మట్టి గోడ పక్కన పోస్తున్నాం.

అట్లా కొన్నాళ్ళు సాగింది. అడుగున ఇద్దరికే చోటు. రోజూ ఆ ఇద్దరే. మొదట్లో పైకి వినబడేది గడ్డపార చప్పుడొక్కటే. తరవాత అన్న గొంతు వినబడేది, "అట్ల కాదు, వాటంగా కొట్టు" అని. కొన్నాళ్ళకు ఒకరోజు ఎవరో నవ్విన చప్పుడు కూడా వినబడింది.

ఒక పొద్దున కింద చప్పుడు ఆగిపోయింది. గట్టు మీద వంగి చూశాను. పడమటి రాతిలో సన్నటి పగులు. దాంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి, మెల్లగా, ఆగకుండా. ధనంజయ చెంబు దానికి ఆనించి పట్టుకున్నాడు. కొత్త ఊట పడితే ఉప్పో తీపో ముందు రుచి చూడాలి. చెంబు నిండాక వాడు గుక్కెడు తాగాడు.

"తియ్యంగా ఉండాది పెద్దాయనా" అని, చెంబు చాచాడు. చాచాక, తను మూతి పెట్టిన చెంబని గుర్తొచ్చిందేమో, చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

మా అన్న దాన్ని అందుకున్నాడు. మా వైపు అందరం నీళ్ళు ఎత్తి పోసుకుని తాగేవాళ్ళమే, మా అన్నయితే మరీనూ. ఆ రోజు ఎత్తి పోసుకోలేదు. చెంబు మూతికి కరుచుకుని అడుగంటా తాగాడు. తాగి, ఖాళీ చెంబు ధనంజయ చేతికిచ్చాడు.

పైన తాడు పట్టుకున్నవాళ్ళు కదలకుండా చూస్తున్నారు.

"ఏందప్పా, నిద్రపోయినారా? తట్ట లాగండి" అని కింద నుంచి అన్న కేకేశాడు. లాగారు.

ఆ వచ్చే ఆదివారం గంట కొట్టేసరికి అన్న భార్యాపిల్లలతో వచ్చి తన చోట కూర్చున్నాడు. ఆయన వెనక పల్లె పల్లెంతా వచ్చింది. ధనంజయ చోటు కోసం చూస్తుంటే అన్న చాప మీద కాస్త పక్కకు జరిగాడు.

నన్ను అడగకుండానే మిషను బంగళాకు కూడా వెళ్ళొచ్చాడు. అక్కడ జరిగింది తరవాత దొరే మా ఆయనకు చెప్పి నవ్వాడట.

"దొరగారూ, మా అయ్యోరిని మాకు పంపించండి" అన్నాడట అన్న.

"వలదని చెప్పినవాడవు నీవే కదా?"

"నేనే. వొద్దన్నిందీ నేనే, కావాలంటా ఉండేదీ నేనే. బిన్నా పంపించండి, తడవు చెయ్యొద్దండి. మా సెల్లెలు చూసుకుంటా ఉండాది, ఆమెకేం తక్కువ లేదు. బల్ల కాడ ప్రభువు రొట్టె ఇచ్చేదానికి మాత్రం అయ్యోరు ఉండాల గదా."

తొలకరి పడిన వారమే మా ఆయన తిరిగి వచ్చాడు. ఎండకు కమిలి, చిక్కిపోయి ఉన్నాడు. గేటు లోపలికి రాగానే ఇంట్లోకి రాకుండా ముందు బావి దగ్గరికి పోయి తొంగి చూశాడు. అన్న వెనక నుంచి వచ్చి, "పడిపోయేవు బావా" అని భుజం పట్టుకున్నాడు.

ఆ ఆదివారం వంక అవతలి కుటుంబాలకు బాప్తిస్మం, అందరికీ ప్రభువు బల్ల. చర్చి పట్టక జనం కిటికీల దగ్గర నిలబడ్డారు. మా ఆయన ప్రార్థన చేశాడు, పాట అయింది. వాక్యం చెప్పే వేళకు ముందుకు పోకుండా, పోయి మగవాళ్ళ వైపు చాప మీద మా అన్న పక్కన కూర్చున్నాడు. అన్న అవతల ధనంజయ. నాకేమీ అర్థం కాలేదు.

"మీరొచ్చినారు గదా" అన్నాను ఆడవాళ్ళ వైపు నుంచి, మెల్లగా.

"బాప్తిస్మమూ బల్లా నా పని. ఇన్నాళ్ళూ వాక్యం చెప్పింది నువ్వు. పోయిన వారం సగంలో ఆపి మిగతాది ఈ వారం చెప్తానన్నావంట. అందరూ దానికోసమే వచ్చినారు."

పక్కన అన్న తల ఊపాడు. "బిన్నా రా మే. నేల పదునుగా ఉండాది, పొలానికి పోవాల."

ఆడవాళ్ళు నాకు దారి ఇచ్చారు. చీర చెంగు భుజం మీదికి లాక్కుని ముందుకు పోయి నిలబడ్డాను. అందరి మొహాలూ నాకు తెలిసినవే. పోయిన వారం ఎక్కడ ఆపానో ఒకసారి వాళ్ళనే అడిగి, వాళ్ళు చెప్పాక, అక్కడి నుంచి మొదలుపెట్టాను.